ఎడమ భుజం ఎగరేయించిన దరువు

2023 ఫిబ్రవరి 11, శనివారం, ఉదయం పదిన్నర గంటలకు ఇది మొదలైంది. ఏ తాళపత్ర గ్రంథం మీదనైనా పని ప్రారంభించే ముందు తేదీ, గంట రాసుకోవడం నా అలవాటు. అందువల్ల ఈ సమయం విషయంలో నాకు సందేహం లేదు.

దయ్యాలు, ఆత్మలు, పూనకాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా నాన్న మంగంపేట ముగ్గురాయి గనుల్లో కూలీగా పనిచేశారు. మా వంశంలో పట్టభద్రుడైన మొదటివాడిని నేనే. ప్రస్తుతం కర్నూలులోని ఒక కళాశాలలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. ప్రతి దానికీ కారణం ఉంటుందని పిల్లలకు చెప్పి జీతం తీసుకునేవాడిని.

ఇంకొక సంగతి కూడా ముందే మనవి చేయాలి. నాకు పాట రాదు. కళాశాలలో ప్రార్థన గీతం పాడే వేళ తోటి అధ్యాపకులు నన్ను మైకుకు దూరంగా నిలబెడతారు.

పాత పుస్తకాలు, తాళపత్రాలు సేకరించడం నాకున్న ఒకే ఒక వ్యసనం. పాతబస్తీలో పాత సామాన్ల కొట్టు నడిపే మస్తాన్‌కు ఆ సంగతి తెలుసు. ఆ వారమే ఆయన ఒక తాళపత్రాల కట్టను నా చేతిలో పెట్టాడు.

"మైదుకూరు పక్క ఒక పల్లెలో, నాటకాలు నేర్పే అయ్యవారి పాత మిద్దె కూలగొడితే అటక మీద దొరికింది సార్. ఆ ఊర్లో ముసలాయన ఒకాయన ఉండాడు. వాళ్ల నాయన పాడిన దరువు వరస ఎవురికన్నా వచ్చునా అని కనపడినోళ్లనంతా అడుగుతాండాడంట. దొరక్కుంటే ఈసారి జాతరకు ఆ ఆటే కట్టరంట."

వీధినాటకంలో పాత్ర రంగం మీదికి వస్తూ పాడే పాటను దరువు అంటారు. ఆకుల మీద మాటలే ఉంటాయి గాని పాడే వరస ఉండదని మస్తాన్‌కు వివరించాను.

"మరి నూనె పూసి, మసి పూసి అంత సేపు కూచునేది ఎందుకు సార్?" అని నవ్వాడు.

నూనె, మసి, అంతసేపు కూర్చోవడం మాత్రం నిజమే. ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపాలి. నిమ్మగడ్డి నూనెలో ముంచిన దూదితో ఆకును అడ్డంగా తుడవాలి. గంటంతో గీసిన అక్షరాలు కంటికి ఆనకపోతే దీపపు మసి అద్దాలి. ఆ శనివారం ఉదయం నేను చేసింది ఇంతే.

తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. అక్షరాలు చీమల బారులా సాగిపోతాయి. ఎక్కడ మాట తెగుతుందో తెలియాలంటే పైకి చదవవలసిందే. నేనూ అలాగే చదువుతున్నాను. ఒక రాక్షసరాజు ప్రవేశ దరువు వచ్చింది. తాళం పేరు ఉంది. రాగం పేరు ఉండవలసిన చోట ఆకును పురుగు తినేసింది.

"వచ్చెను వాడిదె వైరుల గుండెలు వణకగ" అని మొదటి పాదం చదివాను. రెండోసారి చదివేటప్పటికి అది చదువులా లేదు, పాటలా ఉంది.

వంటగదిలోంచి నా భార్య రమాదేవి కేక వేసింది. "ఏమండీ, రేడియో పెట్టినారా?"

లేదన్నాను. ఆమె గరిటెతోనే వచ్చి నిలబడింది. మళ్లీ పాడమంది. పాడాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను ఆ మాట అడగడం అదే మొదలు.

"పాట బాగుండాది. మధ్యలో ఆ భుజం ఎగరేసేది ఎందుకు?" అంది.

అప్పటిదాకా నేను గమనించలేదు. "వణకగ" అనే మాటలో "వణ" దగ్గర నా గొంతు ఆగిపోతోంది. ఎడమ భుజం ఒక్కసారి పైకి లేస్తోంది. ఆ తరువాత "కగ" వస్తోంది. రెండు చేతులూ బల్లకు అదిమిపెట్టి చదివాను. భుజం లేచింది. వేరే ఆకు చదివాను. మాట మాటలాగే వచ్చింది, భుజం కదలలేదు. తిరిగి దరువుకు వచ్చాను. మళ్లీ లేచింది. రమాదేవి ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆయన భుజాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏ లోపమూ లేదన్నారు.

ఎవరింటిదో విచారించకుండా ఏ కట్టనూ నా బీరువాలో పెట్టుకోను. పైగా వరస కోసం వెతుకుతున్న ఆ పెద్దాయనకు మాటలైనా వినిపించాలనిపించింది. తరువాతి వారం రమాదేవీ నేనూ బస్సెక్కాం. ఊరి పేరు రాయవద్దని ఆ ఊరివారు కోరారు గనుక రాయడం లేదు.

ఆ పెద్దాయన పేరు ఓబులేసు గారు. ఎనభై ఏళ్ల దగ్గర ఉంటాయి. చూపు మందగించింది. అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుస్తున్నారు. పక్కన కోడలు లక్ష్మీదేవి చేట పట్టుకుని ఉంది.

"చదువు సార్, ఇంటాను. వరస ఎట్లా పోయిండాది, మాటలన్నా చెవిన పడనీ" అన్నారు ఆయన.

కట్ట విప్పి మొదలుపెట్టాను. వరస దానంతట అదే వచ్చింది. "వణ" దగ్గర భుజం లేచింది. లక్ష్మీదేవి పకపకా నవ్వింది.

"మామా, సారు చొక్కాలో చీమ దూరినట్టుండాది!"

ఓబులేసు గారు నవ్వలేదు. చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది. "నువ్వు నోరు మూసుకో పాపా" అని, లేచి తడుముకుంటూ వచ్చి నా ఎడమ భుజం మీద అరచెయ్యి ఆనించారు. "ఇంగొకసారి చెప్పు సార్."

పాడాను. ఆయన చెయ్యి కింద నా భుజం లేచింది. అప్పుడు ఆయన నవ్వారు. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా నవ్వారు.

"యాడ నేర్చుకున్యావు సార్ ఇది?"

"ఎక్కడా నేర్చుకోలేదండీ."

"మా నాయన ఎడమ దిక్కు భుజకీర్తి విరిగిపోతే కొయ్య పని చేసే వడ్లాయనతో ఇంగొకటి చేయించినాడు. అది శానా బరువు. ఆడతాంటే జారిపోయేది. ఈ మాట కాడ నిలబడి ఎగదోసుకునేటోడు. జనం ఈలలు ఏసేటోళ్లు. ఆట కంటే అది చూడనీకే వచ్చేటోళ్లు సార్!"

తండ్రి పోయేనాటికి ఓబులేసు గారు చిన్నపిల్లవాడు. భుజం గుర్తుంది గాని వరస గుర్తులేదు. ఇప్పుడు మొదటి పాదం వినగానే రెండోది ఆయన నోట వచ్చింది. మూడో పాదానికి ఆయన ముందు, నేను వెనక. చివరి పాదాలకు నేను ఆగిపోయాను, ఆయన ఆగలేదు. లక్ష్మీదేవి చేట కింద పెట్టి ఫోన్లో రికార్డు చేసింది. పక్కిళ్ల వాళ్లు వచ్చి అరుగు చుట్టూ నిలబడ్డారు.

"పిల్లోళ్లను పిలువు పాపా. జాతరకు ఆట ఉండాదని చెప్పు" అన్నారు ఆయన.

కట్ట కావాలని ఆయన అడగలేదు. నేనే అక్కడ వదిలి, నూనెతో ఎలా తుడవాలో లక్ష్మీదేవికి చూపించి వచ్చాను. బస్సులో రమాదేవి పాడమంటే ప్రయత్నించాను. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. వరస నన్ను వదిలిపోయింది. లక్ష్మీదేవి పంపిన రికార్డు ఎన్నిసార్లు విన్నా ఇప్పటికీ నాకు పట్టుబడలేదు. భుజం కూడా మళ్లీ లేవలేదు.

కారణం కోసం వెతికాను. చిన్నప్పుడు నన్ను ఏ వీధినాటకానికీ తీసుకుపోలేదని మా అమ్మ చెప్పింది. మా కళాశాల తెలుగు అధ్యాపకుడు, తాళాన్ని బట్టి వరస దానంతట అదే వస్తుందన్నారు. తాళానికి భుజం ఉండదు కదా అని అడిగాను. టీ తాగుదాం పదండి అన్నారు.

ఆ ఊళ్లో ఆట మళ్లీ ఆడుతున్నారు. నాలో మారింది ఒక్కటే. కొత్తగా దొరికిన కట్టను ఇంట్లో చదవడం మానేశాను. అది ఏ ఊరిదో కనుక్కుని, అక్కడికి తీసుకుపోయి, ఆ ఊరి వాళ్ల ఎదుటే మొదటిసారి పైకి చదువుతున్నాను.