కోటిరత్నం పక్క చోటు

రేపల్లె నుంచి తెనాలికి చేపలు తెచ్చి అమ్మే కోటిరత్నం బొగ్గింజను రైల్లో కూర్చుంటే పక్క చోటు ఎప్పుడూ ఖాళీయే. అది తన అదృష్టమనుకునేది. పీనసంతో ముక్కు మూసుకుపోయి వాసనన్నదే మరిచిపోయిన మనిషి. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసుకునేది. ముక్కు జబ్బుల మీద పరిశోధన చేస్తున్న తెనాలి డాక్టరొకాయన ఆమె ముక్కులో పెరిగిన కండ తీసేశాడు. పుండు మానాక కళ్లు మూసుకోమని, తడిపిన దూది ముక్కుకు దగ్గరగా పెట్టాడు. చెంగుతో ముక్కు తుడుచుకుని గట్టిగా పీల్చింది. "చేపల వాసనండి, డాక్టరుబాబూ!" "తప్పమ్మా, ఇది లవంగనూనె." కోటిరత్నం కళ్లు తెరిచి, చెంగు మళ్లీ ముక్కుకు ఆనించుకుంది. "మీ లవంగం సంగతేమో గానండి, ఇది మాత్రం నా కోక వాసనేనండి."

తిరుగు రైల్లోనూ పక్క చోటు ఖాళీగానే ఉంది. ఆమె దానివైపు కాసేపు చూసింది. చెంగు ఇంకోసారి వాసన చూసుకుని, తీరిగ్గా కాళ్లు చాపుకుంది.