బొడ్డు చుట్టూ మూడు వాతలు

ఇన్నేళ్ళూ గొంతులో ముల్లు పెట్టుకునే అన్నం మింగాను. అయ్యో పాపం అనకండి. జాలి కోసం చెప్పడం లేదు. నాకు సంతకం మటుకే వచ్చు. నేను చెబుతుంటే ఇంకొకరు రాస్తున్నారు. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళైతే నోరు పెగిలేది కాదు.

నేను పుట్టింది నల్లగొండ పక్క పల్లె. ఆ ఊరి బావి నీళ్ళు తాగితే ఎముకలు వంగిపోతాయి. ఫ్లోరైడు అంటారు. ముప్పై దాటకముందే నా మోకాళ్ళు పక్కలకు వంగాయి, నడుము ముందుకు వాలింది. నన్ను నార్కట్‌పల్లిలో ఇచ్చి పెళ్ళి చేశారు. మొగుడు పోయాక ఇంటికి దగ్గర్లో, బట్టల షాపులకు బొమ్మలు చేసే కార్ఖానాలో చేరాను. ఆడ బొమ్మలే ఎక్కువ. అతుకుల మీద లప్పం పెట్టి, గరుకు కాగితంతో నున్నగా గీకడం నా పని. వంకర కాళ్ళ దాన్ని, పొద్దంతా తిన్నని కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని గీకేదాన్ని. వాటిని చూస్తే ఒళ్ళు మండేది. చెమట లేదు, పొట్ట లేదు, బిడ్డను కన్న చార లేదు. ఇట్లాంటి ఆడదాన్ని ఎవరు చూశారు? దాని ముందు నిలబడి, చీర బాగుందనుకుని కొన్నవాళ్ళలో మీరూ ఉంటారు. ఉండరా?

మా మరిది పెండ్లాం యాదమ్మ. మక్తల్ వైపు పిల్ల. నిట్రాడులా నిలబడేది. అందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక మధ్యాహ్నం నాకు సద్ది తెచ్చింది. బొంబాయి అచ్చుల బొమ్మలకు చీర కుచ్చిళ్ళు నిలవడం లేదని, మన వైపు ఆడదాని ఒంటి అచ్చు కావాలని మా కార్ఖానా సేటు వెతుకుతున్న రోజులవి. "నా అచ్చు తియ్యరాదా సేటూ" అన్నాను, తమాషాకే.

"గదేందక్కా! నిన్ను అచ్చు దీస్తె బొమ్మ నిలవడతదా? రెండు కట్టెలు ఆసరా బెట్టాలె," అన్నాడు. అందరూ నవ్వారు. యాదమ్మ కూడా నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకుని, కొద్దిగానే. అందరి నవ్వూ పోయింది, ఆ కొద్ది నవ్వే నాలో దిగి ఉండిపోయింది.

సేటు కన్ను ఆమె మీద పడింది. కుట్టుమిషను కొనిస్తానని ఆశ పెట్టాడు. ఆమెకు నచ్చజెప్పింది నేను. మొగుడికి చెప్పకుండా వెంటబెట్టుకుపోయింది నేను. తెర కట్టి, ఒంటికి కొబ్బరినూనె రాసి, మెడ నుంచి మోకాళ్ళ దాకా పిండికట్టు వేసింది నా చేతులే. ఆమె బొడ్డు చుట్టూ పప్పు గింజంత వాతలు మూడు ఉన్నాయి. పసిబిడ్డప్పుడు కామెర్లు వస్తే వాళ్ళమ్మ కాల్చి పెట్టినవి. తడిమితే ఉబ్బుగా తగులుతాయి.

"అక్కా, గీ వాతలు బొమ్మకు రావు గదా? నీ మరిదికి ఎరుకైతే నన్ను బతకనియ్యడు."

"గీకుడే గదా పిల్లా నా పని. నున్నగ చేస్త."

ఆ కట్టు విప్పి, అందులో పోసిన మొదటి బొమ్మను నున్నగా చేసి, దాని మీద నుంచే అసలు అచ్చు తీస్తారు. దాని మీద ఏముంటే అది ప్రతి బొమ్మ మీదా దిగుతుంది. సేటు ఆమె నడుము రెండు వేళ్ళు తగ్గించమన్నాడు, ఎద పైకి లేపమన్నాడు. అంత చక్కని ఒళ్ళు కూడా వాడికి చాలలేదు. చెప్పినవన్నీ చేశాను. వాతలు మటుకు వదిలేశాను. మరిచిపోలేదు. గరుకు కాగితం చేతిలోనే ఉంది. సేటు వేలు పెట్టి చూస్తే, "చీర కిందికి పోతయి సేటూ" అన్నాను. షాపుల్లో బొడ్డు కిందికి చీర కడతారని నాకు తెలియదా? మరిది కంట పడాలని కోరుకున్నానా, లేక అంత నున్నని దాని మీద ఒక్క మచ్చైనా ఉండాలనుకున్నానా? ఏళ్ళ తరబడి రెండోదే అని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. కంట పడాలనే.

పడింది. బతుకమ్మకు చీర తెస్తానని మరిది నల్లగొండ పోయాడు. షాపు ముందు బొమ్మ బొడ్డు చుట్టూ ఆ మూడు వాతలు చూసి, ఉత్త చేతులతో వచ్చాడు. వాకిట్లో, మా అత్త ముందు, యాదమ్మ జుట్టు పట్టుకున్నాడు. ఆమె ఏడుస్తూ జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. వాడు నావైపు తిరిగాడు.

"వదినా, నువ్వే తోల్కపోయినవంటాంది. నిజమేనా?"

"నేనెందుకు తోల్కపోత? సద్ది తెచ్చినప్పుడల్ల సేటుతోని ఏం మాట్లాడుకున్నదో, నాకేమెరుక?"

"అక్కా! నా మొకం జూసి చెప్పు."

"చూసే చెప్తున్న."

చూడలేదు.

"ముండమోసినదానికి అబద్ధంతోని ఏం పనిరా?" అని మా అత్త నన్నే నమ్మింది. నా ఒక్క మాటతో యాదమ్మ మీద సేటు పేరు పడింది. ఆ పూటే పుట్టింటికి తోలేశారు. నాకు సంబరమైంది. అవును, సంబరమే. కడుపు నిండా తిన్నాను. భయం, అసహ్యం అన్నీ తర్వాత వచ్చాయి. మరిది మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. యాదమ్మ అక్కడ పరాయి చేన్లలో పత్తి ఏరుతోందట. ఆ కబురు తెచ్చినవాళ్ళ ముందు నేను "అయ్యో" అన్నాను. ఎంత సిగ్గులేని నోరు!

సేటు నన్ను వెక్కిరించాడు, నీళ్ళు నన్ను వంచాయి, నిజమే. కాని సేటు మీద నా చెయ్యి లేవలేదు. నవ్విన పిల్ల దొరికింది.

మక్తల్ పోవచ్చు. పోలేదు. మన్నించమని అడగను. మన్నిస్తే ఆమె మీద నాకు ఇంకా కోపం వస్తుందేమో. నా బుద్ధి నాకు తెలుసు. పైకి చెప్పేశాక కొంచెం ఊపిరి ఆడుతోంది, అంతే. మా ఇంటివాళ్ళలో ఒక్కరైనా ఇది చదివితే ఇంత మటుకు తెలుసుకోవాలి: ఆ రోజు వాకిట్లో యాదమ్మ చెప్పిన ప్రతి మాటా నిజం.