పడవలో వెనక సీటు

మ్యూనిక్‌లో మా పై వాటాలో ఉండే జర్మన్ పెద్దావిడని నేను ఆంటీ అంటాను. మొదట్లో వింతగా చూసింది, తర్వాత అలవాటు పడిపోయింది. భర్త పోయాక ఆవిడకి మిగిలింది బిల్డింగ్ కింద సెల్లార్‌లో తలకిందులుగా వేలాడే ఒక ఎర్ర పడవ, ఇద్దరు కూర్చుని తెడ్లు వేసే కనూ. స్వీడన్ పైకొసన, ఆర్కిటిక్‌లో, మనుషులుండని ఒక నది మీద మొగుడూ పెళ్ళాలు ఎన్నో వేసవులు దాంట్లో తిరిగారట. ఇప్పుడు కొడుకు దాన్ని అమ్మెయ్యమని పోరు పెడుతున్నాడు. "ఇంకొక్కసారి ఆ నది చివరి సరస్సు దాకా వెళ్తాను. వెళ్ళలేకపోతే అమ్మేస్తాను" అని వాడికి మాటిచ్చేసింది. ముందు సీట్లోకి మనిషి కావాలి. నేను దొరికాను.

"నాకు ఈత రాదాంటీ" అన్నాను.

"లైఫ్ జాకెట్ ఉందిగా. నువ్వు తెడ్డు వెయ్యి చాలు. ఆ నది నాకు కొట్టినపిండి."

పడవని కారు నెత్తిన కట్టుకుని, ఓడెక్కి, రోడ్డు అయిపోయేదాకా వెళ్ళాం. ఒడ్డున పడవ దించగానే దాని కింద రెండు నిమ్మకాయలు పెట్టాను. కొత్త బండికి పెట్టమూ? పడవని తోస్తే అవి ఇసకలోకి దిగబడ్డాయి గానీ చితకలేదు. ఇది అపశకునమే అనుకున్నాను. ఆంటీ మాత్రం వాటిని శుభ్రంగా కడిగి జేబులో వేసుకుంది, టీలోకి పనికొస్తాయని.

అక్కడ వేసవిలో చీకటి పడదు. దోమలు పీక్కుతినేవి. మనిషి అలికిడి లేదు, ఎప్పుడైనా ఒడ్డున రెయిన్‌డీర్ కనబడితే చుట్టాన్ని చూసినంత సంబరం. ముందు రాళ్ళూ నురగా కనిపించినప్పుడల్లా నా తెడ్డు ఆగిపోయేది. వెనక నించి ఆవిడ నింపాదిగా "అల్లెస్ గూట్" అనేది. అంతా బానే ఉందని. వెనక్కి తిరిగితే పడవ ఒరిగిపోతుంది కాబట్టి మొహం చూసే వీల్లేదు. ఆ మాట పట్టుకునే తెడ్డు వేశాను.

ఒకరోజు పడవ అడ్డం తిరిగి రాయికి గుద్దుకుంది. నడుందాకా తడిసి, దాన్ని ఈడ్చుకుంటూ ఒడ్డెక్కాం.

"ఏంటాంటీ ఇది! అసలు ఎన్నిసార్లొచ్చారు మీరిక్కడికి?" అని అరిచేశాను.

"చాలాసార్లు" అంది. జోళ్ళలో నీళ్ళు వంపుతూ, "ముందు సీట్లో" అంది.

ఓరి దేవుడో! పడవని తిప్పేది వెనక కూర్చున్నవాళ్ళు. ఈవిడ జన్మలో వెనక కూర్చోలేదు! నోటికొచ్చినట్టు తిట్టాను, తెలుగులోనే, జర్మన్‌లో నాకంత కోపం రాదు. ఆపదొస్తే నొక్కడానికని వెంట తెచ్చుకున్న ఎమర్జెన్సీ బటన్ బయటికి తీశాను. నొక్కితే హెలికాప్టర్ వస్తుంది, పడవ ఇక్కడే వదిలెయ్యాలి.

ఆవిడ నన్ను ఆపలేదు. మంట వేసి, దాని దగ్గర వణుకుతూ కూర్చుంది. "ఆయన వెనక నించి ఎప్పుడూ అల్లెస్ గూట్ అనేవాడు. ఆయనకి అన్నీ తెలుసనుకునేదాన్ని. ఆ సీట్లో కూర్చుని నేనూ భయపడుతూ అదే మాట అన్నాక తెలిసింది, ఆయనకీ భయమేసేదని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు చెప్పలేదు" అని చిన్నపిల్లలా ఏడ్చింది. నా కోపం ఎటు పోయిందో. జాలేసింది, ఆవిడ మీదా, నేనెప్పుడూ చూడని ఆయన మీదా.

"నొక్కెయ్యి, పర్లేదు" అంది.

"ముందు టీ తాగండి" అని నిమ్మకాయ కోసి పిండాను. బటన్ సంచిలో పడేశాను.

సరస్సుకి ముందు నది రాళ్ళ మీంచి దూకే చోటు ఒక్కటే మిగిలింది. హోరు దగ్గరపడుతోంది. వెనక నించి మాట లేదు. తెడ్డు చప్పుడూ లేదు. పడవ మెల్లగా పక్కకి తిరుగుతోంది. ఆవిడ బిగుసుకుపోయిందని అర్థమైంది.

"అల్లెస్ గూట్, ఆంటీ!" అన్నాను, చేతనైనంత నింపాదిగా.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అయినా వెనక తెడ్డు నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది. పడవ ముక్కు సరస్సు వైపు తిరిగింది.