బావి గట్టు మీద ఎర్ర గుర్తు

మా అక్క పెళ్ళికి పూచీ పడింది నేనే. మా నాన్న బెంగాల్లో ఖిదిర్‌పూర్ రేవులో ఓడల సరుకు ఎత్తి దించే మనిషి. శ్రీకాకుళం నుంచి కుర్రతనంలో వచ్చినవాడికి ఆ రేవులోనే తల నెరిసింది. దామోదర్ నది పక్క బొగ్గు గనిలో పనిచేసే పిల్లవాడి సంబంధం వస్తే, "నేల కింద తిరిగేవోడికి పిల్లనేటి ఇస్తాను" అని మొండికేశాడు. నేనప్పుడు సాల్ట్ లేక్‌లో ఒక భూగర్భ సర్వే ఆఫీసులో కొత్తగా చేరాను. నాలుగు రాళ్ళ పేర్లు నేర్చుకున్న పొగరు ఉండేది. "ఆ గని కప్పు గట్టి ఇసుకరాయి నాన్నా, నేను చూశాను, ఏం కాదు" అన్నాను. నా మాట మీద పెళ్ళి జరిగింది. అప్పటినుంచి నేను ఆ పక్కకి వెళ్ళొచ్చినప్పుడల్లా, గుమ్మంలో చెప్పులు విప్పకముందే నాన్న అడిగేవాడు, "నేల గట్టిగుందా?" అని.

నా ఉద్యోగం పెద్దదేమీ కాదు. నెలకోసారి ఆ గని చుట్టూ ఉన్న ఏడు బావుల్లో నీటిమట్టం కొలవాలి. ఇనప టేపు కొసకు సుద్దముక్క రుద్ది బావిలోకి దింపితే, తడిసిన చోట సుద్ద రంగు మారుతుంది. గట్టు నుంచి ఆ తడి అంచు దాకా ఎంత పొడవో అదే లెక్క. ప్రతిసారీ ఒకే చోటునుంచి దింపాలి గనుక ప్రతి బావి గట్టు మీదా ఎర్ర రంగుతో ఒక గీత, దాని పక్కన బావి నంబరు రాసి పెట్టాను. అక్కడి నేల పైకి మామూలుగానే ఉంటుంది. చెరువులు, వరి మడులు, ఇళ్ళు. కింద మాత్రం ఎప్పుడో బొగ్గు తీసి వదిలేసిన సొరంగాలు, నిండా నీళ్ళు. వాటిని ఆనుకునే కొత్త గనిలో మనుషులు పనిచేస్తుంటారు. చుట్టుపక్కల బావులన్నీ నిండుగా ఉండి ఒక్క బావిలో నీళ్ళు ఉన్నట్టుండి దిగిపోతే, అవి ఎటో కిందికి దారి చేసుకున్నాయని అనుమానించాలి. పైన నేల కుంగవచ్చు. కింద ఉన్నవాళ్ళ మీదికి నీళ్ళు విరుచుకుపడవచ్చు.

ఆ సంవత్సరం దసరా పూజలు వెళ్ళిన తరువాత కొలతలు తీసుకొచ్చి, మర్నాడు పొద్దున్న ఆఫీసులో గీతలు గీస్తున్నాను. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. చెమట కాగితం మీద పడకుండా మోచేతి కింద రుమాలు పెట్టుకున్నాను. ఆరు బావుల్లో నీళ్ళు జానెడు దిగాయి, వానలు ఆగాక అది మామూలే. నాలుగో నంబరు బావిలో అర మీటరు పైనే దిగింది. మళ్ళీ లెక్క వేశాను. అంతే వచ్చింది. నాలుగో నంబరు మా అక్క వాళ్ళ క్వార్టర్ల వరస ముందున్న బావి. దాని కిందుగానే మా బావ పనిచేసే సొరంగం.

మా పెద్దసారు బెంగాలీ ఆయన, అందరమూ దాదా, అంటే అన్న, అనేవాళ్ళం. కాగితం చూసి ఫోను అందుకున్నాడు. అరగంట తిప్పినా గని ఆఫీసుకు లైను కలవలేదు. "బండికి వెళ్ళిపో. మళ్ళీ కొలువు. నిజమైతే మేనేజరు ముందు కూర్చుని షిఫ్టు ఆపించు, నా పేరు చెప్పు" అన్నాడు. ఇంటికి కూడా చెప్పకుండా హౌరా స్టేషనుకు పరిగెత్తాను. ఆ బండి ప్రతి స్టేషనులోనూ ఆగింది. ఆగిన ప్రతిచోటా నన్ను నేనే తిట్టుకున్నాను. ఇసుకరాయట, గట్టిదట. అడిగింది రాయి గురించి కాదుగా, అక్క గురించి.

నాలుగింటికి బావి దగ్గరికి చేరాను. ఎర్ర గీత చూసుకుని టేపు దింపాను. నిన్నటి అంకే. టేపు చుట్టుకుంటున్నాను. అక్క బిందె పట్టుకుని వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏటిరా, నిన్ననే కదా ఎల్లావు. మళ్ళీ ఏటి?"

"బావ ఎక్కడ?"

"పనిలో ఉన్నాడు. ఐదింటికి పైకొస్తాడు. మొగం అలా పీక్కుపోయిందేటి? కూకో ముందు."

కూర్చోబోయి గట్టు మీద చెయ్యి వేశాను. చెయ్యి నా నడుము దగ్గర ఆనింది. ఈ గట్టు మోకాలెత్తు ఉండాలి.

"అక్కా, ఈ గట్టు ఎప్పుడు లేపారు?"

"పూజలకి ముందు. పక్కింటోళ్ళ మేక పడిపోనాది కదా. పిల్లలు కూడా పడిపోతారని అందరం ఇటుకలు మోసి కట్టుకున్నాం."

"మరి ఈ ఎర్ర గీత?"

"అదా, మీ బావ వేశాడు. మా బామ్మర్ది గుర్తు, కనబడకపోతే పాపం ఎతుక్కుంటాడు అని, నాలుగు అంకె కూడా అచ్చం నీలాగే దిద్దాడు. రెండు రోజులు ఎవుల్నీ బిందె ఆన్చనివ్వలేదు."

వంగి లోపలికి చూస్తే, కొత్త సిమెంటు కింద నా పాత గీత అంచు ఎర్రగా సగం కనబడుతోంది. కొత్త ఇటుకల ఎత్తు కొలిచి లెక్కలోంచి తీసేశాను. నీళ్ళు దిగింది జానెడే. నిన్న ఇదే గట్టు దగ్గర నిలబడి ఎలా చూడలేదురా అంటే, నేను గీతను చూశాను, గట్టును చూడలేదు. అప్పుడు అక్క వండుతున్న చేపల పులుసు వాసన వస్తుంటే నా ధ్యాస అటు పోయింది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే. ఆ గట్టుకే ఆనుకుని ఏడ్చాను. అక్కకు ఏమీ అర్థం కాలేదు. వీపు రాస్తూ, ఆఫీసులో ఎవరైనా తిట్టారా అని అడిగింది.

గని దగ్గరి పోస్టాఫీసులో, ప్రమాదమేమీ లేదని దాదాకు తంతి కొట్టి, ఐదింటికి గని ముఖద్వారం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మనుషులు ఒకే నలుపుతో పైకి వస్తున్నారు. ఎవరు ఎవరో తెలియడంలేదు. చివర్లో ఒకతను పళ్ళు బయటపెట్టి నవ్వాడు.

"గీత బాగా వచ్చిందా?" అన్నాడు.

వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు. బావి దగ్గర్నుంచి నడుస్తూ, తిడదామని కూడగట్టుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. "చాలా బాగా వచ్చింది బావా" అన్నాను. మసి అంటుతుందని అతను వెనక్కి జరుగుతున్నా వినకుండా గట్టిగా పట్టుకున్నాను.

మర్నాడు ఖిదిర్‌పూర్‌లో మా గుమ్మం ఎక్కేసరికి నాన్న అరుగు మీద బీడీ కాలుస్తున్నాడు. నిన్న రాలేదేమని అడగలేదు. చొక్కా మీది మసి చూశాడు.

"నేల గట్టిగుందా?"

ఇన్నేళ్ళూ ఆ మాటకు చెప్పులకేసి చూస్తూ జవాబు చెప్పేవాణ్ణి. ఆ రోజు ఆయన మొహంలోకి చూసి చెప్పాను.

"గట్టిగుంది నాన్నా. నిన్న మళ్ళీ ఎళ్ళి చూసొచ్చాను."