గుడి ఎడమ రెక్క

పోయిన ఆదివారం పూజ చివర ఫాదర్ గారు ప్రకటన చేశారు. గుడికి రెండు వైపులా ఉన్న రెక్కలు విప్పేసి, ఇంకా వెడల్పుగా కడతారట. పాత ఫోటోలు ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చివ్వాలట. నా పక్కన కూర్చున్న అమ్మాయి మైత్రీవనంలో ఏదో కోర్సు నేర్చుకుంటూ హాస్టల్లో ఉంటుంది. తల పైకెత్తి చూసి, "ఇంత మంచి పాత కట్టడం ఎందుకు కూలగొడుతున్నరు ఆంటీ? గీ ఎడమ దిక్కు మస్తు ఉంది" అంది. చెప్పులు వెతుక్కునే వంకతో నేను బయటికి వచ్చేశాను. ఎడమ రెక్కను ఎవరైనా మెచ్చుకుంటే ఈ వయసులో కూడా నాకు చెవులు వేడెక్కుతాయి. దాన్ని కట్టింది మా నాన్న.

మా గుడి మొదట ఇంత ఉండేది కాదు. పంజాగుట్ట నిజంగానే గుట్టగా ఉన్న రోజుల్లో ఎవరో విదేశీ గురువు దుప్పటంత కాగితం మీద గీసిన నక్షాతో వచ్చి, అక్కడి బండలనే పగలగొట్టించి గోడలు లేపించాడని మా తాత చెప్పేవాడు. సున్నపు అతుకుతో కట్టిన రాతిగోడలు, కొన తేలిన పొడుగాటి కిటికీలు, వాటికి రంగుటద్దాలు, పైన టేకు దూలాల మీద మంగళూరు పెంకులు. ఎండాకాలం లోపలికి అడుగు పెడితే కుండలోకి దిగినట్టుండేది. పొద్దుటి పూజలో నీలం అద్దం వెలుగు పీఠం దగ్గర మొదలై, ప్రసంగం పూర్తయ్యేసరికి ముందు వరుస ముసలమ్మల ముసుగుల మీదికి వచ్చేది. ప్రసంగం ఎంత సాగిందో గడియారం కంటే ఆ వెలుగే బాగా చెప్పేది. కానీ గుడి రైలు పెట్టెలా పొడుగ్గా ఉండేది. జనం పెరిగారు. గోడలకు రెండు వైపులా రెక్కలు కలిపితే చోటూ వస్తుంది, పైనుంచి చూస్తే శిలువ ఆకారమూ వస్తుందని అప్పటి ఫాదర్ గారికి ఆలోచన వచ్చింది. కుడి రెక్క ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. ఎడమది మన గుడి మనిషే కదా అని మా నాన్నకు ఇచ్చారు. నాన్న మేస్త్రీ. ఆ పని దొరికిన రోజు ఆయన నడకే మారిపోయింది.

అంతకంటే పొంగిపోయింది మా అమ్మ. అమ్మవాళ్లది గుంటూరు వైపు, బాప్టిస్టు కుటుంబం. మామయ్య సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. విగ్రహాలు పెట్టుకునే కథోలికుల ఇంటికి పిల్లనిచ్చామన్న చిన్నచూపు వాళ్లకు ఎప్పుడూ ఉండేది. అందుకని సెప్టెంబరులో మరియమాత పుట్టిన పండుగకు అమ్మ పుట్టింటివాళ్లందరినీ పిలిచేసింది. కొత్త రెక్కలో, తన భర్త కట్టిన కప్పు కింద కూర్చోబెట్టాలని ఆమె కోరిక. పిలిచిన నాటికి కప్పు ఇంకా పొయ్యనే లేదు. "పండుగకి అవుతుందా లేదా? అవ్వకపోతే మా అన్నయ్య ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?" అని పొద్దూ మాపూ అడిగేది. "ఇంకొన్నాళ్లు ఆగాలె" అని నాన్న అంటే వినేది కాదు.

పండుగ నాటికి అయింది. తెల్లటి సున్నం, కాగితపు తోరణాలు. మామయ్య కుటుంబం మొత్తం ఎడమ రెక్కలో ముందు వరుసలో కూర్చుంది. బైబిల్లోంచి సువిశేషం చదువుతుండగా వాన మొదలైంది. రాతిగోడకూ కొత్త కప్పుకూ మధ్య నుంచి ఒక చుక్క బయలుదేరి మామయ్య బట్టతల మీద పడింది. ఆయన మర్యాదగా పక్కకు జరిగాడు. ఇంకో చుక్క అక్కడా పడింది. భోజనాల దగ్గర అందరూ వినేలా, "బావగారూ, మా బాప్తిస్మం ముంచడం, మీది చిలకరించడం అని విన్నాను గానీ, అడక్కుండానే చేస్తారని తెలియదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ వడ్డించే గరిటె గిన్నెలో వదిలేసి వంటవాళ్ల వైపు వెళ్లిపోయింది.

ఆ తర్వాత నాన్న కప్పెక్కి తారు పోశాడు, సిమెంటు పూశాడు, గోనెసంచులు కప్పాడు. వాన వచ్చిన ప్రతిసారీ నీళ్లు ఇంకో దారి వెతుక్కునేవి. అమ్మ మా గుడికి రావడం మానేసి, ఆదివారాలు సనత్‌నగర్ మామయ్యవాళ్ల గుడికి వెళ్లడం మొదలుపెట్టింది. "మాది రేకుల గుడే గానీ ఒక్క చుక్క కారదు" అనేది. నేను నాన్న వెంట వెళ్లేదాన్ని. ఆయన సరిగ్గా చుక్క పడే చోటే కూర్చునేవాడు. పూజ అయ్యేసరికి ఎడమ భుజం తడిసి, చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉండేది. జరగమంటే, "ఎవరో ఒకరు తడవాలె గద బిడ్డా" అనేవాడు. అటు చూడకుండా ఉండటానికి నేను ప్రార్థన పుస్తకంలో తల దూర్చేదాన్ని.

అంతటితో పోతే బాగుండేది. కొత్త ఫాదర్ గారు వచ్చి, మరమ్మతు గురించి సభ పెట్టారు. అక్కడ ఒక సంఘపెద్ద, నాన్న మొహం మీదే, "సిమెంటు గుడిల పోయిందో, మేస్త్రీ ఇంట్ల పోయిందో దేవునికే ఎరుక" అన్నాడు. ఆ రాత్రి నాన్న అన్నం ముందు కూర్చుని చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. సంగతి తెలిసిన అమ్మ, ఆ ఆదివారం సనత్‌నగర్ ప్రస్తావన లేకుండా చీర కట్టుకుని మా వెంట బయలుదేరింది.

పూజకు ముందు నాన్న ఫాదర్ గారి దగ్గరికి వెళ్లి, అందరి ముందు రెండు మాటలు చెప్పుకుంటానన్నాడు. "మేస్త్రీ, మనసులో ఏమన్నా ఉంటే పాపసంకీర్తనంలో నా చెవిన చెప్పుకోవచ్చు కదా, అందరి ముందు ఎందుకు?" అన్నారాయన. "మీ చెవిల చెప్తే నా మీది మాట పోతదా ఫాదర్?" అన్నాడు నాన్న.

ప్రకటనల సమయంలో పీఠం మెట్ల దగ్గరికి నడిచాడు. "ఒక్క బస్తా సుత నా ఇంటికి పోలే. కానీ తప్పు నాదే. కప్పు గట్టిపడక ముందే కింది సెంట్రింగ్ చెక్కలు ఇప్పిన, అది కుంగి గోడ కాడ సందు పడ్డది. పండుగకు అందాలని జల్దీ చేసిన. గంతే."

గంతే అన్నాడు గానీ కదలలేకపోయాడు. అప్పట్లో గుడిలో, పండుగకు వచ్చిన చుట్టాలను వదిలేస్తే, ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు కూర్చునేవాళ్లు. నా పక్కనుంచి అమ్మ లేచింది. మా గుడిలో ఏనాడూ మోకాలు వంచని మనిషి, నడవ మధ్యలోకి వెళ్లి నాన్న పక్కన నిలబడింది. "తొందరపెట్టింది నేనండీ. మావాళ్లను పిలుచుకున్నాను. ఆయన ఇంకొన్నాళ్లు ఆగాలంటే నేను ఆగనివ్వలేదు" అంది.

సంఘపెద్ద దగ్గాడు. ఫాదర్ గారికి ఏం చేయాలో తోచక పాట పాడమని సైగ చేస్తే, గాయక బృందం కంగారులో వానాకాలంలో క్రిస్మస్ పాట ఎత్తుకుంది. నేను మాత్రం నేల మీది మొజాయిక్ ముక్కలు చూస్తూ కూర్చున్నాను. అమ్మానాన్నలు అలా అందరి ముందు నిలబడి ఉంటే చూడటం కంటే, ఆ నేల నోరు తెరిస్తే బాగుండు అనిపించింది. వాళ్లు ఎంత పెద్ద పని చేశారో తెలిసే వయసు కాదు నాది.

ఎవరూ క్షమాపణ చెప్పలేదు. కాకపోతే సిమెంటు మాట మళ్లీ వినపడలేదు. ఒక ఇంజినీరు వచ్చి గోడకూ కప్పుకూ మధ్య ఏదో రేకు బిగించాడు. కారడం తగ్గింది, పూర్తిగా పోలేదు. నాన్న మళ్లీ కప్పు పని ఒప్పుకోలేదు. మిగిలిన జీవితమంతా ఇళ్లల్లో షాబాదు బండలు పరిచాడు. "కింద పనైతే ఎవ్వరి నెత్తిన పడదు" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వు కళ్లదాకా వచ్చేది కాదు. అమ్మ మాత్రం మగవాళ్ల వైపు నాన్న పక్కనే కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. తర్వాత్తర్వాత ఇంకా కొందరు భార్యలు అటు వచ్చారు.

ఆ రోజు గుడిలో ఉన్నవాళ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. నాన్నా లేడు, అమ్మా లేదు, నవ్వించిన మామయ్యా లేడు. చూసినవాళ్లందరూ పోతే సిగ్గు కూడా పోతుందనుకునేదాన్ని. కాలం మనుషులను తీసుకుపోయినంత సులువుగా దాన్ని తీసుకుపోదు, ఉన్న ఒక్కరి చేతికే మొత్తం అప్పగించి వెళుతుంది.