కంపౌండర్ సాబ్‌తో మాహూర్‌కి

నాందేడ్ నుంచి మాహూర్‌కి కారులో వెళ్లొచ్చాను. ఇలాంటి ప్రయాణాల గురించి ఎప్పుడూ ఉత్సాహంగా రాస్తాను, ఈసారి మాత్రం సిగ్గుతో రాస్తున్నాను. మా మేనమామ కూతురికి పెళ్లి కుదిరింది. మొదటి శుభలేఖ మాహూర్ రేణుకాదేవి ముందు పెట్టాకే ఆ ఇంట్లో మిగతావి పంచుతారు. కొత్త వియ్యంకుడూ వస్తానన్నాడని మామ నన్ను తోడు రమ్మన్నాడు. నిజామాబాద్‌లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని కదా, నలుగురిలో మాటకు పనికొస్తానని ఆయన నమ్మకం.

ముందు రోజే రైల్లో నాందేడ్ చేరాను. స్టేషన్ బయట రానూపోనూ నాలుగు వేలకు కారు మాట్లాడుకుని పొద్దున ఏడింటికి బయల్దేరాం. వియ్యంకుడికి నాందేడ్‌లో బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర మరాఠీ. గంటలో భోకర్ వచ్చింది. టీకి ఆగామో లేదో, హోటల్ ఆయన "రాండ్రి కంపౌండర్ సాబ్" అంటూ కుర్చీ తుడిచాడు. మామ ముఖం విప్పారింది. నాందేడ్‌కు మారకముందు ఆ ఊరి డాక్టరు దగ్గర ఆయన వయసంతా మందులు నూరి, కలిపి, సీసాల్లో పోసి ఇచ్చాడు. ఊళ్లో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు.

చిన్నప్పటి నుంచీ ఆ పిలుపు వింటూనే ఉన్నాను. ఆ రోజు కొత్త చుట్టం పక్కన వింటే ఎందుకో నాకు చిన్నతనం అనిపించింది. ఊరుకోవచ్చుగా, అందుకున్నాను. "ఇప్పుడు కంపౌండర్ అనరు మామా. ఇంగ్లీషోళ్లే ఆ మాట ఎప్పుడో వదిలేసిండ్రు. ఫార్మసిస్ట్ అనాలె." ఆయన్ని ఒక మెట్టు పైన కూర్చోబెట్టానని లోపల మురిసిపోయాను కూడా.

వియ్యంకుడు నిజంగానే సంతోషించాడు. "మాకు చెప్పనే లేదు బావా. కోర్సు ఎక్కడ జేసిండ్రు?"

మామ టీ గ్లాసు కింద పెట్టాడు. "కోర్సు ఏం లేదు బావా. డాక్టర్ సాబ్ చెప్తుంటే నేర్చుకున్న."

వియ్యంకుడు రోడ్డు వైపు తిరిగాడు. లేని చదువు చెప్పుకుని దొరికిపోయినవాడిలా మామ తల దించుకున్నాడు. చెప్పింది ఆయన కాదు, నేను.

అక్కడి నుంచి హిమాయత్‌నగర్, కిన్వట్ మీదుగా మాహూర్ చేరేసరికి పదిన్నర దాటింది. కారులో వియ్యంకుడు పత్తి ధర గురించి డ్రైవర్‌తోనే మాట్లాడాడు. మెట్లు ఎక్కి అమ్మవారి ముందు శుభలేఖ పెట్టాం. అక్కడ ప్రసాదం దంచిన తాంబూలం. అది దంచుతున్న చోట మామ చాలాసేపు నిలబడి చూశాడు. పిలిస్తే గానీ రాలేదు. కింద జొన్నరొట్టె, శనగపిండితో చేసే పిఠ్లా చాలా బాగున్నాయని అందరూ అన్నారు, నాకు మాత్రం సహించలేదు.

తిరుగు దారిలో పొద్దుగూకే వేళకు మళ్లీ భోకర్‌లో ఆగాం. హోటల్ ఆయన దూరం నుంచే "కంపౌండర్ సాబ్" అని కేకేశాడు. మామ కారు దిగలేదు, అటు తిరగను కూడా లేదు. టీ నేనే తీసుకెళ్లి ఇచ్చి, తప్పయిందని చెప్పాను.

"నువ్వు మంచికే అన్నవ్ బిడ్డా," అన్నాడు. "కానీ గిప్పుడు ఆయన పిలిస్తే నేనేమని పలకాలె?"

కంపౌండర్ అంటే మందులు కలిపేవాడు, ఆ పని పోయింది, అన్నీ కంపెనీల నుంచి తయారై వస్తున్నాయి, పనితో పాటే మాటా పోయింది అని క్లాసులో చెప్తుంటాను. నాలాంటివాళ్లు నామోషీ పడి, ఆ మాటతో బతికిన మనిషి ఎదుటే దాన్ని పోగొడతారని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. వచ్చే నెల పెళ్లి. ఆ హోటల్ ఆయన్నీ పిలిచారు. అందరి ముందూ అదే పేరుతో పిలుస్తాడు. మామ పలకాలని మొక్కుకుంటున్నాను.

మాహూర్ వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. మాలా ఏడింటికి కాకుండా నాందేడ్‌లో ఆరింటికే బయల్దేరండి, ఎండ ముదరకముందే మెట్లు ఎక్కొచ్చు. దారిలో భోకర్‌లో తప్పక టీ తాగండి. వెంట పెద్దవాళ్లుంటే, వాళ్లెవరో వాళ్లనే చెప్పుకోనివ్వండి.