జూడో మాస్టారి పచ్చబొట్టు

మా ఎడారి ఊరు యెరుహాంలో జూడో మాస్టారు మఖ్లూఫ్ సబాగ్ ఆగస్టు ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, మణికట్టు దగ్గర గుండీలు పెట్టుకుని మరీ ప్రార్థనకు వస్తాడు. అదే మనిషి మా వీధి చివరి బాంబు షెల్టర్‌లో పిల్లలకు జూడో నేర్పేటప్పుడు, ఎవరూ అడక్కపోయినా ఎడమ చేతి చొక్కా భుజం దాకా పైకి లాగి కండ మీది పచ్చబొట్టు చూపిస్తాడు. నల్ల బెల్టు ముడి, దాని కింద మా ఊరి పేరు. ఒకే చేతిని ఒకచోట దాచుకోవడమేమిటి, ఇంకోచోట చాటుకోవడమేమిటి? పైగా మా యూదుల ప్రార్థన మందిరానికి శనివారం తప్ప రాడు. మిగతా ఆరు రోజులూ ఆ గుమ్మం తొక్కడు. ఏళ్ళ తరబడి ఇది నా బుర్రను తొలిచేది.

గోడకు అవతల వాళ్ళిల్లు, ఇవతల మాది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన బతికున్నన్నాళ్ళూ దెప్పేవాడు. నిజమే. ఊళ్ళో నాకు తెలియని సంగతి ఒకటుందంటే నాకు ముద్ద దిగదు. కానీ నేను చేసే పనిలో మాత్రం నోటికి తాళమే. ఊళ్ళో ఏ ఆడమనిషి పోయినా మేం నలుగురం కలిసి కడిగి, తెల్లనార బట్టలు కట్టి, చివర్న ఆమెను పేరు పెట్టి పిలిచి, మా వల్ల ఏదైనా లోటు జరిగితే క్షమించమని అడుగుతాం. ఆ గదిలో కంటపడింది గడప దాటకూడదు. ఈ ఏడు దాకా, ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ దాటలేదు.

మఖ్లూఫ్ నాలుగేళ్ళ పిల్లవాడిగా మొరాకో నుంచి వచ్చాడు. వాళ్ళను లారీలో తెచ్చి ఈ ఇసుకలో దించితే, వాళ్ళమ్మ మసూదా "ఊరెక్కడ నాయనా?" అని అడిగిందట. "ఇదేనమ్మా" అని డ్రైవరు వెళ్ళిపోయాడట. పెద్దయ్యాక క్వారీలో లారీ తోలాడు. సైన్యంలో నేర్చుకున్న జూడోను తెచ్చి మా కుర్రాళ్ళకు నేర్పాడు. పంతొమ్మిది వందల డెబ్భై నాలుగులో ఏడుగురు కలిసి హైఫా రేవుపట్నంలో పోటీకి వెళ్ళారు. పెద్ద ఊళ్ళవాళ్ళు "యెరుహామా? మ్యాపులో ఉందా అది?" అని నవ్వారట. సాయంత్రానికి ఎవరికీ నవ్వు రాలేదు. గెలిచిన ఊపులో ఏడుగురూ రేవు దగ్గర పచ్చబొట్లు పొడిచే నావికుడి దగ్గరికి పోయారు. అందరినీ మట్టి కరిపించిన వీరుల్లో ఆరుగురు సూదిని చూడగానే జారుకున్నారు. మఖ్లూఫ్ ఒక్కడే చెయ్యి చాపి కూర్చున్నాడు.

ఆ మరుసటి ఏడు ఫైనల్లో అవతలివాడి మోకాలు బెణికింది. ఇతనే గెలిచాడన్నారు. పతకం తీసుకోకుండా దిగిపోయాడు. "వాడు రెండు కాళ్ళ మీద నిలబడ్డప్పుడు గెలుస్తాను" అన్నాడట. గర్వం నెత్తికెక్కిందని ఊరంతా అంది. తర్వాత పెళ్ళాడి వచ్చిన ఫ్రెహా ఈ కథ విని, "గర్వం కాదు సిమ్హా, అదొక రోగం" అని నాతో నవ్వింది. నలభై రెండేళ్ళు ఆ రోగంతోనే కాపురం చేసింది.

ఈ ఏడు పస్కా పండుగ అయిన వారానికి ఫ్రెహా పోయింది. మేమే కడిగాం. నా స్నేహితురాలిని కడగడం అదే మొదటిసారి. ఏడ్చుకుంటూనే చేశాను.

మా శ్మశానంలో ఒక పద్ధతుంది. మొగుడూ పెళ్ళాల్లో ఒకరు పోతే పక్క చోటు ముప్ఫై రోజులు ఖాళీగా ఉంచుతారు. ఈలోపు రెండోవాళ్ళు ఆఫీసుకు వెళ్ళి పేరు రాయించుకోవాలి. రాయించుకోకపోతే ఆ చోటు వరసలో వచ్చే మరొకరిది. మాలో మగవాళ్ళు ఇందులో ఆలస్యం చెయ్యరు. కొందరైతే ఏడు రోజులు నేల మీద కూర్చునే సంతాపం ముగియకముందే మనిషిని పంపిస్తారు. మఖ్లూఫ్ మాత్రం కదల్లేదు. ఇరవై రోజులయ్యాయి, ఇరవై అయిదయ్యాయి. మళ్ళీ పెళ్ళి చేసుకుంటాడేమోనని బేకరీ దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. నాకు ఒళ్ళు మండింది. పప్పు సూపు గిన్నె పట్టుకుని వాళ్ళింటికి పోయాను.

"మాస్టారూ, ఆఫీసుకి మీరే వెళ్తారా, మెడ పట్టుకుని లాక్కెళ్ళమంటారా?"

"ఎందుకు వదినా?"

"ఇంకా ఎందుకంటారా! ఐదు రోజులు పోతే ఫ్రెహా పక్కన ముక్కూ మొహం తెలియని వాళ్ళెవరో పడుకుంటారు. అదేనా మీక్కావాల్సింది?"

చెంచా కింద పెట్టాడు. "నన్నక్కడ పెట్టరు వదినా" అన్నాడు.

"ఎవరు పెట్టరు?"

మణికట్టు గుండీ విప్పి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "దీన్ని చూస్తే ఎవరూ పెట్టరు."

హైఫా నుంచి వచ్చిన పొద్దున ఇంట్లో జరిగింది అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్న తెఫిలిన్ కట్టుకుంటున్నాడట. దేవుడి మాటలున్న చిన్న నల్ల పెట్టెను ఎడమ కండ మీద పెట్టి, మగవాళ్ళు రోజూ పొద్దుటి ప్రార్థనకు తోలు పట్టీ చుట్టుకుంటారు కదా, సరిగ్గా అక్కడే కొడుక్కి ఈ పచ్చబొట్టు. చూడగానే పట్టీ చుట్టడం ఆపేశాడట. "దేవుడిచ్చిన ఒంటి మీద గీతలు గీయించుకున్నావు. మనవాళ్ళ మట్టిలో నీకు చోటు లేదు" అన్నాడట. ఏడాది తిరక్కుండా ఆ తండ్రి పోయాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు.

"అప్పట్నించీ తెఫిలిన్ కట్టలేదు వదినా. దీని మీద ఆ పెట్టె ఎలా పెట్టను?"

శనివారం ఎవరూ తెఫిలిన్ కట్టరు. అందుకే ఆ ఒక్క రోజు వచ్చేవాడు! ఇన్నేళ్ళ చిక్కుముడి విడిపోయిందిగానీ సంతోషం కలగలేదు.

"మరి షెల్టర్‌లో అందరికీ చూపిస్తారుగా?"

"అక్కడ నేను గెలిచినవాణ్ణి కదా."

"చెరిపించుకుంటే పోయేది!"

"దాని మీద ఊరి పేరుంది. ఊరిని చెరిపించుకోమంటావా?"

మర్నాడు మా మతగురువు రబ్బీ అస్సరాఫ్‌ను వెంటబెట్టుకొచ్చాను. ఆయన కుర్చీలో కూర్చోను కూడా కూర్చోలేదు.

"పచ్చబొట్టు పొడిపించుకోవద్దని మన తోరా గ్రంథంలో ఉంది. తప్పు తప్పే. పొడిపించుకున్నవాణ్ణి మనలో పూడ్చొద్దని మాత్రం ఎక్కడా లేదు. ఎవరో ముసలమ్మలు పిల్లల్ని బెదిరించడానికి పుట్టించిన మాట అది. తప్పు చేసినవాళ్ళకి చోటు లేదంటే మన శ్మశానంలో ఇప్పటిదాకా మేకలే మేస్తుండేవి!"

మఖ్లూఫ్ మర్యాదగా విన్నాడు. "మీ అబ్బాయి నా దగ్గరే నేర్చుకున్నాడు రబ్బీ. మీరు మంచివారు. నా మీద జాలితో అంటున్నారు."

"జాలి కాదయ్యా, ధర్మశాస్త్రం!"

"అవతలివాళ్ళు దయతలచి ఇచ్చే గెలుపు నాకొద్దు."

వీధిలోకొచ్చాక రబ్బీ టోపీ సర్దుకుని, "ఆ మెడ వంచడం నా వల్ల కాదు తల్లీ" అన్నాడు.

ఇక నాలుగు రోజులే. ఆ మెడ వంచగలిగిన సంగతి ఒకటి నాకు తెలుసు. పంతొమ్మిదేళ్ళ కిందట వాళ్ళమ్మ మసూదాను కడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు చూసింది మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబితే మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టే అర్హత నాకుండదు. చెప్పకపోతే ఫ్రెహా పక్కన వేరెవరో ఉంటారు. రెండు రోజులు నాకు తిండి సయించలేదు.

మూడో రోజు పొద్దున్నే మసూదా సమాధి మీద మా ఆనవాయితీ ప్రకారం గులకరాయి పెట్టి గట్టిగానే మాట్లాడాను. "మసూదా, నన్ను క్షమించు. నీ కొడుకు కోసం నోరు విప్పుతున్నాను. కోపమొస్తే నా మీద తీర్చుకో." చచ్చిపోయినవాళ్ళు జవాబివ్వరు. నాకు భయమేసింది. అయినా అక్కణ్ణుంచి తిన్నగా మాస్టారింటికే పోయాను.

"మీ అమ్మగారి ఎడమ భుజం కింద మూడు నీలం చుక్కలు, ఒక గీత ఉన్నాయి. పచ్చబొట్టు. చిన్నప్పుడు మొరాకోలో వాళ్ళ కొండ ఊళ్ళో దిష్టి తగలకుండా పొడిపించి ఉంటారు."

"ఎవరమ్మకి?"

"మీకెంతమంది అమ్మలు మాస్టారూ?"

"నువ్వు చూశావా?"

"నా చేత్తో నీళ్ళు పోశాను."

"ఎంతుంటుంది?" అన్నాడు. నా బొటనవేలంత అన్నాను. "గీత చుక్కలకి పైనా, కిందా?" కింద అన్నాను. మళ్ళీ మొదటి నుంచీ అడిగాడు, మళ్ళీ చెప్పాను.

"అమ్మ నాన్న పక్కనే ఉంది" అన్నాడు.

"ఉంది."

"నాన్నకి తెలుసు."

"అన్నేళ్ళు కాపురం చేసిన మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది?"

ముందు నవ్వొచ్చింది మఖ్లూఫ్‌కు. "ముసలోడు! ఉత్తినే బెదిరించాడు వదినా!" అన్నాడు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, ఎందర్నో ఎత్తి పడేసినవాడు, మా ఫ్రెహా సోఫాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ సాయంత్రమే మా నలుగురిలో పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, నోరు జారానని ఒప్పుకుని, ఆ పని మానేశాను. ఏం చెప్పానో మాత్రం ఆవిడకు చెప్పలేదు.

అంతకు ముందే, ఆఫీసు మూసేలోగా మాస్టారితో కలిసి వెళ్ళాను. గుమాస్తా ప్రోస్పెర్ రిజిస్టరు తెరిచి, వరస మీద వేలు పెట్టి, కొంచెం ఇబ్బందిగా తలెత్తాడు.

"ఆవిడకి కుడి పక్కన ఒక్కటే ఉంది మాస్టారూ. అక్కడైతే మీ ఎడమ చెయ్యి ఆవిడ వైపు పడుతుంది. ఆ బొమ్మున్న చెయ్యి. మరి పర్లేదా?"

"నలభై రెండేళ్ళు ఆ చేతి మీదే తల పెట్టుకుని పడుకుంది" అన్నాడు మఖ్లూఫ్. "రాసుకో."